దానం గారి వాకబు

రెండో శనివారం పొద్దున్నే దానం గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తాటిపాక బయల్దేరారు. ఆయన వేసుకున్న పథకం చిన్నదే. తాటిపాక సెంటర్లో బస్సు దిగి, ఏదో టీకొట్టు దగ్గర కూర్చుని, ఒక్క మనిషిని ఎంచుకుని బాగా చూడాలి. సాయంత్రానికి అమలాపురం తిరిగొచ్చి ఆ మనిషి మీద కథ రాయాలి.

ముందురోజే ఒక పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. నాలుగేళ్లుగా పంపుతున్న కథలకి వచ్చిన మొదటి జవాబు అది. "మీ భాష బాగుందండి. కానీ మీ కథల్లో మనుషులు లేరు, పేర్లే ఉన్నాయి. బయటికెళ్లి ఒక మనిషిని చూసి రాయండి. సోమవారానికి అందితే ఆలోచిస్తాను" అన్నాడు. ఆ రాత్రి దానం గారికి కన్ను అంటుకోలేదు. ఇది కూడా పోతే ఇక కలం ముట్టకూడదని ఒకసారి, ముట్టకుండా బతకడం ఎలాగని ఒకసారి అనుకుంటూ తెల్లవార్చారు.

భార్య నాగమణికి మాత్రం "ఆఫీసు పని" అని చెప్పారు. కాలవల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుకి రెండో శనివారం పనేమిటని ఆవిడ అడగలేదు. ఒక చూపు చూసి ఊరుకుంది. తాను కథలు రాస్తున్న సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు ఆఫీసులో నోరు జారితే, నెల తిరక్కుండా బంట్రోతు కూడా "కవిగారూ" అని పిలవడం మొదలెట్టాడు. అందుకని తెల్లారగట్ల లేచి, బైబిలు తెరిచి ముందు పెట్టుకుని, వాక్యం చదువుతున్నట్టు కూర్చుని రాసుకునేవారు.

తాటిపాక టీకొట్టు వీరాయమ్మది. ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్లో ఒక కుర్రాడు కంటికి భూతద్దం తగిలించుకుని, వంచిన తల ఎత్తకుండా పనిచేసుకుంటున్నాడు. నవ్వడు, మాట్లాడడు. మనిషి దొరికాడు.

"ఎవరండీ ఆ అబ్బాయి?" అని వీరాయమ్మని అడిగారు.

"సన్నీ అండి. డ్రిల్లు మాస్టారు ఇశ్రాయేలు గారబ్బాయి."

"ఎప్పుడూ అలా మౌనంగానే ఉంటాడా? కోపం వస్తే ఏం చేస్తాడు? తాగుడూ అదీ ఏమైనా ఉందా?"

వీరాయమ్మ గ్లాసు కడగడం ఆపింది. ఆయన ఇస్త్రీ చొక్కా చూసింది. "మీకెంతమంది పిల్లలండి?" అని మెల్లిగా అడిగింది.

"ఒక్కతే అమ్మాయండి, సుస్మిత. బ్యాంకులో చేస్తంది."

"ఆయ్" అంది వీరాయమ్మ.

ఆ ఒక్క ఆయ్‌లో పెళ్లి సగం కుదిరిపోయింది. దానం గారు రెండో టీ పూర్తిచేసేలోగా, వీరాయమ్మ కబురందుకుని ఇశ్రాయేలు గారు మోటారుసైకిలు మీద దిగారు. రిటైరై ఏళ్లయినా ఆయన గొంతు ఇంకా గ్రౌండులోనే ఉంది. "రోడ్డు మీద కూర్చుని కనుక్కోవడం ఏంటండీ అన్నయ్యగారూ. ఇంటికొచ్చి చూడండి. మా దగ్గర దాపరికం లేదు" అంటూ చెయ్యి పట్టుకుని బండెక్కించారు.

దారిలో దానం గారు నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచారు. "కవిగారూ" అన్న బంట్రోతు గొంతు చెవిలో మోగింది. మూసుకున్నారు. పైగా, లోపల దాక్కున్న రచయిత ఆశపడ్డాడు. ఇల్లు చూడొచ్చు, ఆ కుర్రాడి అమ్మని చూడొచ్చు. ఓ గంట కూర్చుని, నమస్కారం పెట్టి జారుకోవచ్చు.

ఇంట్లో కోడికూరతో భోజనం పెట్టారు. కొట్టు మూయించి సన్నీని కూడా పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు. దానం గారు ముద్ద మింగి, అసలు సంగతికి వచ్చారు.

"మీ ఇంట్లో ఎవరికైనా తీరని బాధ ఉందాండీ?"

ఇశ్రాయేలు గారు భార్య వంక చూశారు. "నాకు షుగరుందండి. ఈవిడకి మోకాళ్లు. కుర్రాడికేం లేదండి."

"ప్రేమలో ఎప్పుడైనా దెబ్బతిన్నాడా?"

"అబ్బే, అలాంటివాడు కాదండి."

"ఏమీ లేదా?" అన్నారు దానం గారు. ఆ గొంతులోని నిరాశకి ఇల్లంతా కంగారుపడింది. ఇశ్రాయేలు గారి భార్య వెంటనే ఇంకో గరిటె కూర వేసింది. "మేడ మీద రెండు గదులు వేయిద్దామనుకుంటన్నామండి" అని ఇశ్రాయేలు గారు అందుకున్నారు. ఆ పైన, "మీరు ఏ సంఘమండి? పాస్టరు గారెవరు?" అని అడిగారు. దానం గారు ఉన్నమాట చెప్పి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఇశ్రాయేలు గారు ఫోన్ పెట్టేస్తూ కనిపించారు. ముఖం వెలిగిపోతోంది.

"పాస్టరు గారు మీ కుటుంబం గురించి ఎంత బాగా చెప్పేరో బావగారూ" అన్నారు.

అన్నయ్యగారు కాస్తా బావగారయ్యేసరికి దానం గారు చెప్పులెక్కడ విడిచారో చూసుకున్నారు. ఇక లేచి పారిపోదామనుకుంటుండగా జేబులో ఫోన్ మోగింది. నాగమణి.

"పాస్టరు గారు ఫోన్ చేసి శుభం అన్నారు. ఎవరికండీ పెళ్లి?"

"అది... ఆఫీసు పని మీద..."

"అక్కడే ఉండండి. మేం వస్తన్నాం."

గంటన్నర సేపు దానం గారు కుర్చీలోంచి కదల్లేదు. కాజాలు పెడితే తిన్నారు, ఫొటోలు చూపిస్తే చూశారు. ఏ ఫొటోలో ఎవరున్నారో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. బయట ఆటో ఆగింది.

సుస్మిత ముందు దిగింది. లోపలికొచ్చి అందరికీ నమస్కారం పెట్టి, తండ్రి ఎదురుగా నిలబడింది. "నేనెవరో వీళ్లకి చెప్పేవట నాన్నా. వీళ్లెవరో నాకు చెప్పవా?" అంది. కూతురు అంత నెమ్మదిగా మాట్లాడిందంటే ఎంత కోపంగా ఉందో ఆయనకి తెలుసు.

దానం గారు లేచి నిలబడ్డారు. "తప్పయిపోయిందండి. నేను సంబంధం కోసం రాలేదు. నేను కథలు రాస్తాను. కథ కోసం వచ్చేను" అన్నారు.

ఇశ్రాయేలు గారి ముఖం వాడిపోయింది. "నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదండీ. భోజనం చేసి, ఇల్లంతా చూసి, ఇప్పుడిలా కథలు చెప్పడం పెద్దమనుషుల పనేనా?"

"చెప్పడం కాదండి, రాయడం..."

"మా మోకాళ్ల సంగతులు కూడా అడిగేరు" అంది ఆయన భార్య, కళ్లు ఒత్తుకుంటూ.

దానం గారు తల వంచుకున్నారు. ఇప్పుడు నాగమణి అందుకుంటుంది, పదిమందిలో పరువు తీస్తుంది అనుకున్నారు. నాగమణి నిజంగా దానికే వచ్చింది. కానీ తన మొగుణ్ని ఇంకొకరు అబద్ధాలకోరు అనేసరికి ఆవిడకి ఎక్కడో తగిలింది.

"మా ఆయన కథలు రాస్తారండి. నాలుగేళ్ల నుంచి, రోజూ తెల్లారగట్ల లేచి రాస్తన్నారు" అంది.

దానం గారు తల ఎత్తారు. "నీకెలా తెలుసు?"

"బైబిలు చదివేవాళ్లు అన్నిసార్లు కొట్టేసి మళ్లీ రాయరు కదండీ."

ఇశ్రాయేలు గారు అనుమానంగానే అడిగారు. "ఎక్కడైనా అచ్చయ్యేయా?"

"ఒక్కటీ లేదండి" అన్నారు దానం గారు.

"అవుతుంది" అంది నాగమణి. "అచ్చయిన పుస్తకం తెచ్చి మీ చేతిలో పెడతాను. అప్పటిదాకా మా గురించి ఎవరితోనూ తప్పుగా అనకండి."

అప్పుడు సన్నీ గొంతు సవరించుకున్నాడు. "నాకిప్పుడే పెళ్లొద్దని భోజనాల దగ్గర్నుంచి చెబుదామని చూస్తన్నానండి. ఎవరూ సందివ్వలేదు" అన్నాడు. సుస్మిత అతని వంక చూసి, "నాకూ అంతేనండి" అంది. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి.

ఆదివారం గుడిలో ప్రార్థన అయి రాగానే నాగమణి బల్ల ఖాళీ చేసి, కుర్చీ వేసి, పక్కన మంచినీళ్లు పెట్టింది. "కూర్చోండి. మాటిచ్చి వచ్చేం" అంది. ఇన్నాళ్లూ రాయడానికి ప్రేరణ ఎక్కడ దొరుకుతుందా అని వెతికిన దానం గారికి, అది కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడి కనిపించింది. కలం తీసి మొదలెట్టారు. వీరాయమ్మ వచ్చింది, గరిటెతో సన్నీ అమ్మ వచ్చింది, ఇశ్రాయేలు గారు గొంతుతో సహా వచ్చారు. పేర్లు మార్చినా ఎవరూ మారలేదు, పొమ్మన్నా పోలేదు. చీకటి పడేసరికి కథ పూర్తయింది.

వర్షాలు మొదలయ్యాక అది అచ్చయింది. నాగమణి పత్రిక పట్టుకుని తాటిపాక వెళ్లి, ఇశ్రాయేలు గారితో పైకి చదివించుకుని మరీ వచ్చింది.

ఆ వారమంతా దానం గారికి పాఠకుల నుంచి ఫోన్లే ఫోన్లు. ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, ఆ అబ్బాయికి సంబంధం కుదిరిందా అని.