తాళ్లకుంటకు ఆటం వచ్చిన రోజు

ఆ రోజు దశరథం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున డప్పు కొట్టించాలి, జనాన్ని చావడి ముందుకు రప్పించాలి, కరెంటు శాఖ ఇంజనీరు రామచంద్రం ఎదుట అందరి చేతా చేతులెత్తించాలి. చేతులు లేస్తే తాళ్లకుంటకు కరెంటు స్తంభాలు వస్తాయి. లేవకపోతే ఆ స్తంభాలు వేరే ఊరికి పోతాయి. అంతే లెక్క.

చేతులు లేవవన్న భయం కూడా దశరథం పుణ్యమే. బీడీలు చుడుతూ అక్షరాలు నేర్చుకుని, దొరికిన పేపరల్లా చదివే మనిషి. బొంబాయి దిక్కు తారాపూర్‌లో అణుశక్తితో కరెంటు తీసే కేంద్రం కడుతున్నారని చదివి నిద్రపట్టక, మర్నాడే ఊరంతా తిరిగి చెప్పాడు. "రేపటి కరెంటు ఆటం కరెంటే!" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. జపాన్‌లో ఆటంబాంబు పడి పట్నాలు బూడిదైన సంగతీ చెప్పాడు. సర్పంచ్ లచ్చయ్య అంతా విని, "గసొంటి కరెంటు మాకద్దు. చీకట్లనే బతుకుతం" అని తేల్చేశాడు. కరెంటు లేని ఊరు సగం గుడ్డిది. ఆ గుడ్డితనాన్ని తన నోటితో తానే ఖాయం చేశానని దశరథం కుమిలిపోయాడు. ఇవాళ ఆటం అంటే ఏమిటో సరిగ్గా చెప్పి తీరాలి.

తెల్లవారకముందే డప్పు రాయమల్లును లేపాడు.

"ఏమని సాటాలె దశరథన్నా?"

"ఆటం ముచ్చటున్నదను. ఇండ్లిడిసి అందరు బయటికి రావాలె. ముసలి ముతక, పిల్లజెల్ల, ఎవ్వలు ఇంట్ల ఉండద్దు."

చెప్పేసి, ఇంజనీరు జీపుకు ఎదురుపోయేందుకు లక్సెట్టిపేట సడక్‌కు నడిచాడు.

రాయమల్లు ఒక్క మాట మార్చలేదు. మార్చినా బాగుండేది. ఎందుకంటే ఆ ఊళ్లో ఆ చాటింపుకు ఒక్కటే అర్థం. కలరా గత్తర వచ్చినా, అమ్మవారు పోసినా, పొద్దు పొడవకముందే ఊరంతా ఇండ్లు విడిచి వనవాసం పోతుంది. పొద్దుగూకేదాకా ఊళ్లో పొయ్యి వెలగదు, మనిషి ఉండడు. ఈసారి వచ్చిన రోగం పేరు ఆటం అని జనం అనుకున్నారు.

జీపు ఊళ్లోకి వచ్చేసరికి గడపగడపకూ వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. కోడి కూడా లేదు.

"ఊరు నిండా జనం అన్నారు కదండీ?" అన్నాడు ఇంజనీరు.

డప్పు చంకన పెట్టుకుని అందరికన్నా చివర పోతున్న రాయమల్లు దొరికాడు.

"ఊరేదిరా?" అని అరిచాడు దశరథం.

"నువ్వే ఎల్లగొట్టిస్తివి గదనే! నన్నడుగుతవేంది?"

జనం చేలల్లో ఉన్నారని తెలిసి జీపు అటు తిప్పారు. అదే తప్పయింది. దుమ్ము లేపుకుంటూ ఏదో ఉరికొస్తుంటే చేలల్లో ఒకడు కేక పెట్టాడు. "ఆటం ఎంటబడ్డదిరో!" ఒక కుటుంబం లేచి ఉరికింది. దాన్ని చూసి రెండు లేచాయి. ఆ రెంటిని చూసి నాలుగు. కుండలు, చాపలు, మేకలు, ముసలమ్మలు, అందరూ వాగు దాటారు. అవతల బూరుగుపల్లె వాళ్లు "ఏమైందే?" అని అడిగారు, జవాబు వినకుండానే వాళ్లూ లేచారు. వాళ్లను చూసి ఆ పక్క ఊరు. దశరథం జీపులో నిలబడి నోరు తెరిచాడు. తన మాట వినమని పదేళ్లుగా గొంతు చించుకున్నా పదిమంది కదలని చోట, ఇప్పుడు భూమి కదిలినట్టు మనుషులు కదులుతున్నారు. భయపడాల్సిన మనిషికి ఒళ్లు పులకరించింది.

గోదావరి ఇసుకలో ఆ ఉరుకుడు ఆగింది. ఆపింది గోదావరి కాదు, తాళ్లకుంట ముసలమ్మ బుచ్చవ్వ. ముందే వచ్చి మూడు రాళ్లు పెట్టి జొన్న గటుక వండుతోంది.

"ఉరికేటోళ్లు ఉరుకుండ్రి. నా గటుక ఉడికేదాంక నేను లేవ. ఏడికి పోతవ్ బిడ్డా, కూసో. మొదలు తిను, సచ్చేదుంటే ఎనుక సద్దువు."

వచ్చినవాణ్ని వచ్చినట్టు చెయ్యి పట్టి కూచోబెట్టింది. కూచున్నవాణ్ని చూసి లేచేవాడు లేడు. చూస్తుండగానే ఇసుకంతా సద్దుమణిగింది.

దశరథం జీపు మీద నుంచి దూకాడు.

"ఇగో, గిదేనే ఆటం! పొద్దున ఒక్క ఇల్లు లేస్తే రెండిండ్లు లేసినయి. ఆటం కరెంటు తీసే రాయొకటి ఉంటది, దాని కడుపుల గంతే. ఒక్క రవ్వ తాకితే కణం పలుగుతది, అండ్లకెళ్లి రెండు మూడు రవ్వలు ఎల్తయి. ఆపకుంటే బాంబు. నడుమ కడ్డీలు దింపుతరు. గవ్వి బుచ్చవ్వ లెక్క. ఉరికొచ్చిన రవ్వను పట్టి కూసోబెడ్తయి. పదిలంగ పుట్టిన వేడికి నీళ్లు మసుల్తయి, ఆవిరికి చక్రం తిరుగుతది. గదే కరెంటు. పిడికెడు రాయి, బండ్లకు బండ్ల బొగ్గంత!"

"మరి బుచ్చవ్వకు కునుకు పడితే?" అన్నాడు లచ్చయ్య.

"ఒక్క బుచ్చవ్వను పెడ్తరా? ఒకామె తూగితే ఇంకొకామె ఉంటది. సుట్టూత మందపు గోడ ఉంటది."

"పొయ్యన్నంక బూడిదుంటది గద. గదేడ పోస్తరు?" అంది బుచ్చవ్వ గరిటె ఆపి.

దశరథం తడబడ్డాడు. కానీ అబద్ధం ఆడలేదు. "అది పెద్ద ముచ్చటనే అవ్వా. దాన్ని పారబొయ్యద్దు. గోడల నడుమ పెట్టి ఏండ్లకేండ్లు కావలి కాయాలె. కానైతే ఆ బూడిద పిడికెడే, ఏడున్నదో మనకెరుకే. బొగ్గు పొగ ఏడికి పోతున్నదో ఎవలకెరుక?"

ఒక ముసలాయన ఇసుకలోంచి గులకరాయి తీసి, అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. "రాయి కడుపుల ఇంత ఉన్నదా!" అన్నాడు. దశరథం అడక్కముందే చేతులు లేచాయి. ఒక ఊరివి కాదు, మూడు ఊళ్లవి.

ఇంజనీరు రామచంద్రం కలం తీశాడు. "సంతోషం. వచ్చే నెలలోనే రామగుండం నుంచి స్తంభాలు వేయిస్తాను."

"రామగుండమా?" అన్నాడు లచ్చయ్య. "అది బొగ్గు కరెంటు గద సారు?"

"అవును. ఆటం కరెంటు ఇటు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది."

"అయితే ఆగుతం."

దశరథం లచ్చయ్య చెయ్యి పట్టుకున్నాడు. "లచ్చన్నా, తీగ ఒక్కటేనే! ముందుగాల గిది తీసుకో!"

"పిడికెడు రాయితోని అయ్యేదానికి బండ్ల కొద్ది బొగ్గు ఎందుకు తగలవెట్టాలె? నువ్వే అంటివి గదరా. మాకు ఆటం కరెంటే కావాలె."

మూడు ఊళ్ల చేతులూ మళ్లీ లేచాయి. ఇంజనీరు 'గ్రామస్థులు సమ్మతించలేదు' అని రాసుకుని జీపెక్కాడు.

వారం తిరక్కముందే దశరథం బొగ్గు గొప్పతనం మీద ప్రసంగాలు మొదలుపెట్టాడు.