నూట ఇరవై క్యాబేజీల లింకు

పోయినేడు నడుం పట్టేసిందన్నాడు. అంతకు ముందేడు ఆఫీసులో తనిఖీ అన్నాడు. ఈ నవంబరుకు గిహ్వాన్ దగ్గర సాకులు అయిపోయాయి. శనివారం గ్వేసాన్‌లో అత్తగారింట చలికాలానికి కిమ్చీ, అంటే క్యాబేజీ కారప్పచ్చడి, పెట్టే పని. నూట ఇరవై క్యాబేజీలు, వణికించే పెరడు, పైగా "అల్లుడు కారం పూస్తున్నాడా, పౌడరు అద్దుతున్నాడా" అని అత్తగారి ఆరా.

అందుకే భార్య బోమీతో పందెం వేశాడు.

దేజన్ నగరంలో ఒక బీమా కంపెనీ ఉద్యోగులకు దొంగ ఈమెయిళ్ళను పసిగట్టడం నేర్పే పని అతనిది. నెలకోసారి తనే ఒక దొంగ మెయిలు తయారుచేసి పంపి, లింకు నొక్కినవాళ్ళను కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. ఆ పాఠం అన్నం దగ్గర వినీ వినీ బోమీకి కంఠతా వచ్చేసింది.

"శుక్రవారం లోపల నేను పంపే దొంగ మెయిలు నువ్వు నొక్కావంటే నేను గ్వేసాన్ రాను," అన్నాడు.

"మీరు నొక్కితే?"

ఈత నేర్పేవాణ్ణి మునిగితే ఏం చేస్తావని అడిగినట్టనిపించింది గిహ్వాన్‌కు. "మొత్తం క్యాబేజీలకు కారం నేనొక్కణ్ణే పూస్తాను," అన్నాడు నవ్వుతూ.

సోమవారం, మీ కిమ్చీ ఫ్రిజ్‌లో లోపముంది, ఉచితంగా మారుస్తాం నొక్కండి అని పంపాడు. బోమీ లింకు జోలికి పోకుండా ఫ్రిజ్ మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. ఆ మెయిలు వాళ్ళు పంపలేదట. పంపినవాణ్ణి పోలీసులకు పట్టివ్వమని అక్కడి అమ్మాయి మరీ మరీ చెప్పిందట.

బుధవారం, మీ పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయండి అని పంపాడు. నేనేమీ తెప్పించలేదే, నాకు తెలియకుండా మీరు తెప్పించారా అని అడిగింది బోమీ. గిహ్వాన్ పది నిమిషాల్లో, కొని దాచిపెట్టిన కొత్త చేపల గాలం సంగతంతా కక్కేశాడు.

గురువారం పొద్దున గిహ్వాన్ కారు ఇంటి దగ్గరే వదిలి బస్సులో ఆఫీసుకు వచ్చాక అపార్ట్‌మెంట్ ఆఫీసు పేరుతో మెయిలు వచ్చింది. రెండో వరసలో మీ కారు బ్రేకు వేసి వదిలారు, వెనక కార్లు కదలడం లేదు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన పెద్దావిడ ఎదురుచూస్తోంది, ఫోటో కోసం నొక్కండి.

రాత్రి చోటు లేక గిహ్వాన్ కారును ముందు వరసకు అడ్డంగా ఆపిన మాట నిజం. అలా ఆపినవాళ్ళు బ్రేకు వేయకూడదు. వెనకవాళ్ళు చేత్తో నెట్టి దారి చేసుకుంటారు. వేశాడా, వదిలాడా? చేతిని అడిగాడు. చేతికి గుర్తు లేదు. కారు చుట్టూ మూడు బ్లాకుల జనం మూగి, ఇది ఎనిమిదో అంతస్తు గిహ్వాన్‌దే అని వేలు చూపిస్తున్నట్టు కనబడింది.

నిజమే అయితే కారు అద్దం మీద రాసిపెట్టిన తన ఫోన్ నంబరుకు ఎవరో ఒకరు ఫోన్ చేసి ఉండేవారు. ఆ ఆలోచన రావడానికి అర నిమిషం పట్టింది. వేలు అంతసేపు ఆగలేదు.

ఫోటో తెరుచుకుంది. వంటింటి బల్ల మీద కొత్త ఎర్ర రబ్బరు గ్లవ్స్ జత. కింద, శనివారం ఆరింటికి బయల్దేరాలి అని రాసి ఉంది.

వెంటనే ఫోన్ చేశాడు. "ఇలా రాయడం నీకెవరు నేర్పారు?"

"మీరే కదండీ. భయపెట్టాలి, తొందరపెట్టాలి అన్నారు. సిగ్గు సంగతి మీకు తట్టలేదు, అది నేను కలిపాను. పంపినవాళ్ళ అడ్రసు చూశారా?"

అప్పుడు చూశాడు. క్యాబేజీ నూట ఇరవై అని ఉంది. ముందు అడ్రసు చూడాలన్నదే తన పాఠంలో మొదటి సూత్రం.

"మరి బ్రేకు?" అన్నాడు నీరసంగా.

"వదిలే ఉంది. పొద్దునే నెట్టి చూశాను."

శనివారం మధ్యాహ్నానికి గిహ్వాన్ మోచేతుల దాకా ఎర్రబడ్డాడు. బోమీ ఉడికిన పందిమాంసం ముక్కను కొత్త కిమ్చీలో చుట్టి అతని నోట్లో పెట్టింది. అంత రుచిగా ఉంటుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేమని అతనికి కోపం కూడా వచ్చింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది.

"లోపల్నించి అమ్మ మెసేజ్. ముల్లంగులు ఇంకో యాభై ఉన్నాయట."

"దొంగదేమో, నమ్మకు," అన్నాడు గిహ్వాన్ ఆశగా.

అత్తగారు ముల్లంగి బుట్టతో గడప దాటుతోంది.