రాణిగారి అత్యవసరం

"మహమ్మారి ముగిసేదాకా మన వీధిలో అత్యవసరం కాని పనులన్నీ రద్దు! బతికుంటే అన్నీ తర్వాత చేసుకోవచ్చు!" అని మా వీధి సంఘం అధ్యక్షులవారు మేడమీంచి మైకులో సెలవిచ్చారు.

చప్పట్లు మోగాయి, ఎవరి కిటికీలోంచి వాళ్ళవి. నేనూ కొట్టాను. ఏది అత్యవసరమో తేల్చే తెలివి నాకెక్కడిది? ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ పాపానికే కాబోలు, ఏళ్ళ తరబడి రోజూ బడికి వెళ్తూనే ఉన్నాను, వ్యాను డ్రైవరుగా! వీధిలో పిల్లలందరికీ డ్రైవరంకుల్ని. నాన్నా అని పిలిచేవాళ్ళే లేరు.

ఆ ఒక్క పిలుపు కోసం మా ఆవిడ రోజూ కడుపు మీద సూదులు పొడుచుకుంటోంది. పొట్టంతా నీలిమచ్చలు. సంతాన ఆసుపత్రి డాక్టరమ్మ ఫోనులో ఒకటే మాట చెప్పింది: "అండాలు పెరిగాయి. రేపు సాయంత్రంలోగా ఇద్దరూ రావాలి. లేకపోతే ఈ విడత మొత్తం వృథా. పాసు తెచ్చుకోండి."

రోడ్డెక్కడానికి పాసు ఇచ్చేది పోలీసులు. ఇప్పించేది సంఘం. వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పిల్లలా?" అధ్యక్షులవారు నవ్వడానికి వీలుగా మాస్కు కిందికి లాక్కున్నారు. "జనం పోతుంటే నీకు పుట్టించాలని ఉందటోయ్! ఆర్నెల్లు ఆగితే కొంపలేం మునిగిపోవు."

"ఆవిడకి నలభై దాటిందండీ..."

"ఇద్దరూ ఇంట్లో ఖాళీగానే ఉన్నారుగా! ప్రయత్నించండి!"

కమిటీ యావత్తూ గది అదిరేలా నవ్వింది, ఆరడుగుల దూరం పాటిస్తూ.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ తెరిచిన ఫ్రిజ్ ముందు కూర్చుని ఉంది. మిగిలిన మందు సీసాలు పాలగిన్నె పక్కన వరసగా ఉన్నాయి. సంగతంతా చెప్పాను.

"తలుపెయ్యవే, చల్లదనం పోతోంది" అన్నాను.

"నా వయసు కూడా ఇందులో పెట్టి తలుపేసుకుంటే బాగుండు" అంది.

ఏడ్చినా బాగుండేది. ఫ్రిజ్ ఒక్కటే మూలిగింది.

మర్నాడు మధ్యాహ్నం అధ్యక్షులవారే మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు!

"ఏమోయ్ డ్రైవరూ, వ్యాను తియ్యి! మా రాణి ఎదకొచ్చింది! దానికి తగ్గ జాతి మగకుక్క ఊరవతల ఉంది. ఇవాళ దాటిందా, మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి! ఆ మూగజీవి ఏం పాపం చేసిందయ్యా!"

రాణి ఆయన పెంపుడు కుక్క. 'ఆగితే కొంపలేం...' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మరి పాసండీ?"

"వచ్చేసింది! 'రాణి, స్త్రీ, గర్భం కోసం అత్యవసర చికిత్స.' కుక్క అని రాయలేదంతే. ఇందులో అబద్ధం ఒక్కటి చూపించు! మీ ఆవిణ్ణి కూడా రమ్మను. ఆవిడ ఒళ్ళో అయితే అది బుద్ధిగా కూర్చుంటుంది."

అధ్యక్షులవారు నా పక్కన. వెనక పిల్లల సీట్లో మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో రాణి. ఇద్దరికీ వేళ దాటిపోతోంది. పాసు మాత్రం ఒకరికే!

కూడలిలో కానిస్టేబులు ఆపాడు. పాసు చదివి లోపలికి తొంగిచూశాడు.

"రాణి ఎవరండీ?"

రాణి నిజాయితీగా తోక ఊపింది. అధ్యక్షులవారికి చెమటలు పట్టాయి. కుక్క అంటే దొంగ పాసు కేసు!

"అదిగో... మా చెల్లెలు" అని మా ఆవిణ్ణి చూపించారు.

"మరి కుక్కెందుకు?"

"అదంటే ప్రాణమండీ మా చెల్లికి. పిల్లల్లేరు కదా, పాపం!"

కానిస్టేబులు గొంతు మెత్తబడింది. "మా అక్క కూడా ఇలాగే తిరిగిందమ్మా. సంతాన ఆసుపత్రికేగా? నా వెనకే రండి, ఎవరూ ఆపకుండా దిగబెడతా!"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ! మేమే మెల్లగా..."

"మెల్లగా ఏంటి సార్, అత్యవసరమైతే!"

పోలీసు బండి ముందు, బడి వ్యాను వెనక. మగకుక్క ఎడమవైపు, ఆసుపత్రి కుడివైపు. కుడివైపు తిప్పాను. స్టీరింగు అంత తేలిగ్గా తిరగడం ఎన్నడూ ఎరగను!

ఆసుపత్రి గేటు దగ్గర కానిస్టేబులు కదిలితేగా! "మీరు లోపలికెళ్ళండమ్మా. అన్నగారికి తోడు నేనుంటా" అన్నాడు.

మా ఆవిడ రాణి గొలుసు అధ్యక్షులవారి చేతిలో పెట్టింది. నేను చెప్పిన మాట ఏనాడూ గుర్తుపెట్టుకోని మనిషి, ఆయన మాట మాత్రం పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"దిగులుపడకు అన్నయ్యా! ఆర్నెల్లు ఆగితే కొంపలేం మునిగిపోవు."

మేమిద్దరం లోపలికి నడుస్తుంటే రాణి మెడ సాచి ఊళపెట్టింది. ఆయన తరఫున కూడా అదే పెట్టినట్టుంది.

మర్నాడు మళ్ళీ మైకు మోగింది. "సంతాన చికిత్స అత్యవసరమేనని మన సంఘం మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది! నేడు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది! జంతువులతో సహా!"

కిటికీలన్నీ చప్పట్లు కొట్టాయి. నేను కొట్టలేదు. ఫలితం తెలియడానికి ఇంకా రోజులు పడుతుంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నిద్రపోతోంది. ఫ్రిజ్ తలుపు వేసే ఉంది.