మాది జీను లోపం, అంతే!

నేను సంతోషంగా లేనంటే అది నా తప్పు కాదు. మా ఓనరు తప్పు అంతకంటే కాదు. మా తాత తప్పు! ఈ సంగతి కనిపెట్టిన సైన్సుకు ముందుగా రెండు చేతులూ ఎత్తి మొక్కుతున్నాను.

తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జికి నేను వాచ్‌మన్‌ను. పోయిన నెల మా ఓనరు గుణశేఖర్ గారు స్టాఫందరికీ 'ఆనందం క్లాసు' పెట్టించారు. టై కట్టుకున్న సారు ఒకాయన వచ్చి, మనిషి సంతోషం చాలావరకు 'జీను'లోనే ఉంటుందని చెప్పాడు.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు తెలిసిన జీను ఒకటే, గుర్రం వీపు మీద వేసేది! గుర్రానికీ సంతోషానికీ ఏం సంబంధమని పక్కనున్న మునిరత్నమ్మను అడిగాను. గదులు ఊడ్చే మనిషి, ఆమెకు తెలియనిది లేదు.

"గుర్రందీ గాడిదదీ కాదన్నా, రొంత గమ్మునుండు! రగతంలో ఉండేదంట. మీ నాయన మూతి ముడుచుకోనుంటే నీకూ అదే మూతి వస్తాదంట," అంది.

ఎంత హాయి! ఇక ఎవరినీ తిట్టే పని లేదు. కొళాయిలో నీళ్లు రాలేదా? మున్సిపాలిటీని అడక్కండి, మీ ముత్తవ్వను అడగండి. చిత్తూరు రైతు మామిడికాయలు రోడ్డు మీద పారబోసి ఏడుస్తున్నాడా? ధర లేక కాదండీ, వాళ్ల వంశంలో నవ్వు లేక! వెంట్రుకలతో పాటు జీను కూడా ఊడిపోతుందేమోనని నేనైతే కొండకు పోయి గుండు చేయించుకున్నాను. వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. మొహం మాత్రం పాతదే.

క్లాసు అయిన రోజే ఓనరు గారు నన్ను ఆఫీసు రూములోకి పిలిచారు. "ఏం శాంతయ్యా, ఇప్పుడు హ్యాపీనా?"

రెండేళ్లుగా అడుగుతున్నదే మళ్లీ అడిగాను. "పన్నెండు గంటలు నిలబడుకోనుంటే మోకాళ్లు పట్టేస్తా ఉండాయి సార్. గేటు కాడ ఒక కుర్చీ ఏయించండి."

"ఇంతసేపూ ఏం ఇన్నావప్పా నువ్వు? మీ నాయన కూడా అదే గేటు కాడ నిలబడుకోని, మా నాయన్ను ఇట్లే కుర్చీ అడుగుతా ఉన్న్యాడు. సూడు, మీకు రగతంలోనే ఉండాది!" అని రివాల్వింగ్ కుర్చీలో ఒక చుట్టు తిరిగి నవ్వారు.

ఇంతకంటే ప్రూఫ్ ఏం కావాలి? మా నాయన ఇరవై ఏళ్లు ఆ గేటు దగ్గర నిలబడి మూలిగాడు, ఇప్పుడు నేను మూలుగుతున్నాను. వాళ్ల నాయన ఆ రూములో కూర్చుని నవ్వాడు, ఇప్పుడు ఈయన నవ్వుతున్నారు. సైన్సు అక్షరాలా నిజం!

కాకపోతే ఒక్క చిన్న సవరణ. మునిరత్నమ్మే పొరపాటు పడింది, నేను మొదట అనుకున్న జీనే రైటు. దాని మీద కూర్చున్నవాళ్లకు సంతోషం, దాన్ని మోసేవాళ్లకు మోకాళ్ల నొప్పి.

రెండూ తండ్రి నుంచి కొడుక్కే వస్తాయి!