మంత్రిగారి ఫోటో కింద మీట

వీధి వ్యాపార వికాస శాఖామాత్యులు వెంకటరమణ గారు మాదాపూర్‌లో ఏసీ హాలు నడిబొడ్డున నిలబడి ఆ చారిత్రక ప్రకటన చేశారు.

"నెల తిరిగేలోగా నెట్‌లో సెర్చ్ కొడితే మన శాఖ పేజీ ఫస్టు రావాల! రెండో స్థానం నాకు పడదు!"

అంతకు ముందు రెండు ఎన్నికల్లో ఆయన ఏ స్థానంలో నిలిచారో తెలిసినవాళ్ళు మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య టీ కప్పులు అందిస్తున్నవాడు రవీందర్. సైబర్ టవర్స్ దగ్గర పదిహేడేళ్ళుగా టీ బండి నడుపుతున్నాడు. అతని టీ తాగిన ఇంజనీర్లు మేనేజర్లయ్యారు, కొండాపూర్‌లో ఫ్లాట్లు కొన్నారు. రవీందర్ కూడా తక్కువేమీ ఎదగలేదు. అల్యూమినియం గిన్నె నుంచి స్టీలు గిన్నెకు వచ్చాడు. శాఖ ఆఫీసు ఆ పక్క వీధిలోనే కాబట్టి, ప్రభుత్వం ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా అతనికి కబురొచ్చేది.

ఆ రోజు చప్పట్లు కొట్టనివాడు అతనొక్కడే. చేతిలో ట్రే ఉండడం ఒక కారణం. రెండో కారణం, అతని బండి పర్మిట్ ఈ నెల ముప్ఫైతో అయిపోతుంది. కొత్తది కావాలంటే శాఖ పేజీలోనే దరఖాస్తు చేయాలి. అదీ బండి పక్కనే నిలబడి, సొంత ఫోన్‌లోంచి. అక్రమాలు అరికట్టడానికి పెట్టిన గొప్ప నిబంధన అది. కాగితం మీద రాసిస్తే తీసుకోరు. పర్మిట్ లేకపోతే ఒకటో తారీఖున లారీ వచ్చి బండిని ఎత్తుకుపోతుంది.

రవీందర్ చదివింది ఏడో తరగతే అయినా, ఫారం మొత్తం తప్పు లేకుండా నింపాడు. చిట్టచివర 'సమర్పించు' అనే మీట నొక్కాలి. నొక్కుదామంటే మీట కనపడదు. దాని మీద మంత్రిగారి ఫోటో ఉంది.

కంప్యూటర్‌లో ఆ ఫోటో ఒక పక్కన ఎంతో మర్యాదగా ఉంటుంది. ఫోన్‌లోకి వచ్చేసరికి చోటు చాలక కిందికి జారి, సరిగ్గా మీట మీద కూర్చుంటుంది. నొక్కితే మంత్రిగారు తెరంతా నిండి నవ్వుతారు. కింద 'మీ అభిమానానికి ధన్యవాదాలు' అని వస్తుంది. ఫారం మళ్ళీ ఖాళీ అవుతుంది.

మరునాడు శాఖ డైరెక్టరు ఉదయ్ భాస్కర్ గారికి టీ ఇస్తూ రవీందర్ విషయం కదిపాడు.

"సార్, మీట నొక్కుదామంటే మంత్రిగారి ముక్కు తగులుతున్నది."

"ఏం ఫోనయ్యా నీది?"

"చిన్నదే సార్."

"పెద్దది కొనుక్కో."

"పెద్దదాంట్ల ఫోటో గూడ పెద్దగైతది గద సార్."

డైరెక్టరు గారు ఆ మాటకు ఎంతో సీరియస్ అయ్యారు. అదే రోజు మొబైల్ సమీక్షా సమావేశం పెట్టారు. గోడంత టీవీ మీద పేజీ తెరిచి, ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో అందరూ గంటసేపు పరిశీలించారు. బ్రహ్మాండంగా కనిపించింది.

పేజీ తయారుచేసిన శిరీష లేచి నిలబడింది. కడప అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగం.

"సార్, ఫోన్‌లో ఫోటో మీటకు అడ్డమొస్తాంది. జరపాల సార్."

"ముందు అసలు సంగతి చెప్పమ్మా. ఫోన్‌లో ఇబ్బంది ఉంటే సెర్చ్‌లో మన ర్యాంకు పడిపోతుందా?"

"సెర్చ్ వాళ్ళు మన పేజీని ఫోన్‌లో ఎట్ల ఉంటుందో అట్లే చదువుతారు సార్. ఇబ్బంది ఉంటే కొంచెం దెబ్బే. కానీ అదొక్కటే చూడరు. జనం వెతికే విషయం మన దగ్గర సరిగ్గా ఉంటే, ఇబ్బందులున్నా పైకి రావచ్చు."

"అంటే పడుతుందా, పడదా? ఒక్క ముక్కలో చెప్పమ్మా."

"దాని ఒక్కదానివల్లే పడుతుందని చెప్పలేను సార్."

"చెప్పలేవు కదా. రాసుకోండయ్యా, పడదు."

"కానీ సార్, పేజీ పైకొచ్చినా జనం పని కావాల కదా?"

ఉదయ్ భాస్కర్ గారు ఎజెండా కాగితం ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. "అది ఇందులో లేదమ్మా."

సమావేశం ముగిసింది. బిస్కెట్లు మిగిలాయి.

మెట్ల దగ్గర రవీందర్ శిరీషను ఆపాడు. "మేడం, గా ఫోటో జరపనీకి ఎన్ని రోజులు వడ్తది?"

"రెండు నిమిషాలన్నా. కానీ మంత్రిగారి ఫోటోను ఇంచు జరపాలన్నా ఫైలు కదలాల."

"సంతకం ఎవరు పెట్టాలె?"

"ఆ ఫోటోలో ఉండే ఆయనే."

శిరీష తాను చేయగలిగింది చేసింది. పర్మిట్ ఎవరికిస్తారు, ఏమేం కావాలి, ఎప్పటిలోగా అన్నీ తేట తెలుగులో పేజీలో రాసింది. అప్పటిదాకా సెర్చ్‌లో మొదట వచ్చేది లింగంపల్లిలో బండ్లు తయారుచేసి అమ్మేవాడి పేజీ. ఇరవై ఐదో తారీఖు పొద్దున అతను రెండో స్థానానికి దిగాడు. శాఖ మొదటి స్థానానికి ఎక్కింది. ఉదయ్ భాస్కర్ గారు స్వీట్లు పంచి, పత్రికలకు ప్రకటన పంపారు. మంత్రిగారి ఫోటో వల్ల ర్యాంకుకు హాని లేదని రుజువైందట. ఆ ఫోటో వల్లే ర్యాంకు వచ్చిందన్న సంగతి కూడా పరిశీలనలో ఉందట.

విజయోత్సవం ముప్ఫైన, సాక్షాత్తూ రవీందర్ బండి దగ్గరే పెట్టారు. షామియానా, మైకు, పెద్ద ఎల్‌ఈడీ తెర. ఒక సామాన్య వ్యాపారి మంత్రిగారి సమక్షంలో సొంత ఫోన్‌తో దరఖాస్తు పెడతాడు, అందరూ తెర మీద చూస్తారు. ఇంతమంది పెద్దల ముందైనా పనవుతుందని రవీందర్‌కు ఆశ పుట్టింది. ఫారం నింపాడు. నొక్కాడు.

తెర మీద మంత్రిగారు నవ్వారు. జనం చప్పట్లు కొట్టారు.

మళ్ళీ నింపాడు. ఈసారి ఫోటో అంచున, చెవి పక్కగా నొక్కాడు. మంత్రిగారు మళ్ళీ నవ్వారు. అలా పదకొండుసార్లు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"పదకొండు తూర్లు నన్నే నొక్కినాడు! ఇట్లాంటి అభిమానం నా సొంత మండలంలో గూడ చూడలే!"

"సార్, అభిమానం కాదు సార్, అప్లికేషన్ పోతలేదు..." అన్నాడు రవీందర్. మైకు అప్పటికే డైరెక్టరు గారి చేతిలో ఉంది. శాలువా వచ్చి రవీందర్ భుజాల మీద పడింది. దండం పెట్టమంటే పెట్టాడు. ఫోటో తీశారు.

ఒకటో తారీఖున లారీ వచ్చింది. రవీందర్ శాలువా చూపించాడు.

"శాలువా గాదన్నా, పర్మిట్ చూపెట్టు," అన్నాడు లారీ మీది మనిషి. స్టీలు గిన్నెతో సహా బండి పోయింది.

రవీందర్ ఆఫీసుకు పరుగెత్తాడు. ఉదయ్ భాస్కర్ గారు ఎదురొచ్చి మరీ భుజం తట్టారు.

"పరేషాన్ అవ్వకయ్యా. బండి విడిపించుకోవడానికి కూడా అదే పేజీలో దరఖాస్తు పెట్టు. నీ సంగతి మంత్రిగారు స్వయంగా పట్టించుకున్నారు. పేజీలోంచి తన ఫోటో తీసేయమన్నారు!"

"నిజమా సార్?"

"సంతకం కూడా పెట్టేశారు. తన స్థానాన్ని ఒక సామాన్యుడికి వదిలేసిన మంత్రి ఈ దేశంలో ఇంకెవరయ్యా?"

రవీందర్‌కు ప్రాణం లేచొచ్చింది. గబగబా బండి ఉండే చోటికి వచ్చాడు. పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే పార్వతమ్మ ఫోన్ పట్టుకుని తిప్పలు పడుతోంది. ఆమె పర్మిట్‌కు ఆ సాయంత్రమే గడువు.

"అన్నా, మంచిగొచ్చినవ్. ఎన్నిసార్లు ఒత్తినా గిట్లనే అయితున్నది, జర చూడరాదు."

రవీందర్ చూశాడు. మంత్రిగారు నిజంగానే లేరు. ఆ చోట, అంతే కొలతలో, శాలువా కప్పుకుని దండం పెడుతూ తనే ఉన్నాడు. కింద 'ఆదర్శ డిజిటల్ వ్యాపారి' అని రాసి ఉంది.

పార్వతమ్మ మసి వేలితో మరోసారి గట్టిగా నొక్కింది. రవీందర్ తెరంతా నిండాడు.

"నీ కాల్మొక్త, జర పక్కకు జరుగన్నా!" అంది పార్వతమ్మ.

రవీందర్ రెండడుగులు పక్కకు జరిగాడు. ఆమె మళ్ళీ నొక్కింది.