ఇజెం కళ్లకు నీడ, నా కాళ్లకు కొండ

నాకు కొండ మీద కోపమేమీ లేదు. కింద నుంచి చూస్తే ఎంతో బాగుంటుంది. చేతిలో పుదీనా టీ ఉండి, వీపు అక్రోటు చెట్టుకు ఆనించి చూస్తే ఇంకా బాగుంటుంది.

అయితే మా ఊళ్లో మగాడికి కొండను కింద నుంచి చూసే రాత లేదు. పై పచ్చికను వసంతమంతా మూసి ఉంచుతాం. గడ్డి ఎదిగేదాకా ఒక్క మేక అక్కడ నోరు పెట్టకూడదు. ఆ తర్వాత పెద్దలు ఒక రోజు చెబుతారు. ఆ తెల్లవారే ఇంటికొక మనిషి మందతో, కుక్కతో ఎక్కాలి. ఎండాకాలం పోయేదాకా దిగకూడదు. మా ఇంట్లో ఆ ఒక్క మనిషిని, పెళ్లయిన ఏడాది నుంచీ, నేనే.

ఆ దారి ఎంత నిటారంటే, మా తాత ఓసారి పైన తుమ్మితే ఆయన తలపాగా వచ్చి మా నానమ్మ కూర కుండలో పడిందట. ఉప్పు సరిపోయిందని ఆవిడ దాన్ని అలాగే ఉడకనిచ్చిందట.

ఈ ఏడు ఎక్కకూడదని తీర్మానించుకున్నాను. అలసిపోయాను. మోకాళ్లు, నడుము, మెడ వంతులవారీగా సమ్మె చేస్తున్నాయి. ఆ మాటే నా భార్య తూదాతో అన్నాను.

"మోకాళ్లా?" అంది రొట్టె కాలుస్తూ. "మొన్న సంతలో ఎవరో కొట్టుకుంటున్నారంటే చూడ్డానికి గోడెక్కాయే, ఆ మోకాళ్లేనా?"

అలా నా మోకాళ్ల కేసు కొట్టేశారు.

దేవుడు దయామయుడు. ఒక తలుపు మూసుకున్న సమయానికి మా కుక్క కంటికి జబ్బు తెప్పించాడు.

మా కుక్క పేరు ఇజెం. మా భాషలో సింహమని అర్థం. నక్కల ముందు నిజంగా సింహమే. మా కోడిపుంజు ముందు మాత్రం ఆ పేరుతో పిలిస్తే సిగ్గుపడుతుంది. ఆ వసంతంలో దాని నల్లగుడ్డు మీద బయటి అంచు నుంచి గులాబీ రంగు పొర ఒకటి లోపలికి పాకడం మొదలుపెట్టింది. రెండో కంట్లోనూ అదే. నొప్పి ఉన్నట్టు లేదు, గోక్కోవడం లేదు. ఊరికే లోకాన్ని మంచులోంచి చూస్తున్నట్టు చూసేది.

దుమ్మని నేనన్నాను. దిష్టని మా బావ హద్దూ అన్నాడు. హద్దూ తూదాకు అన్న, పై పచ్చికకు ఆ ఏటి పెద్ద. తూదా దానికి కాటుక పెట్టింది. దాంతో జబ్బు తగ్గలేదు గానీ ఇజెం పెళ్లికూతురిలా తయారైంది.

సంత రోజున పశువుల డాక్టరమ్మ ఇల్హామ్ వస్తుందంటే తీసుకెళ్లాం. తూదా కూడా బయల్దేరింది. "నువ్వొక్కడివే వెళ్తే డాక్టరు చెప్పినదాంట్లో నీకు నచ్చింది మాత్రమే ఇంటికి మోసుకొస్తావు" అంది. సింహం కంచరగాడిద మీద, నేను నడిచి.

డాక్టరమ్మ ముందుగా కాటుక తుడిచి మమ్మల్ని ఇద్దర్నీ చెరోసారి తిట్టింది. తర్వాత ఇజెం కళ్లలో రంగునీళ్లు వేసి లైటు కొట్టి చూసింది.

"కంటి ముందుండే అద్దంలాంటి పొర మీద ముల్లో గోరో గీసుకుని పుండు పడితే, అక్కడ ఈ ఆకుపచ్చ అంటుకుంటుంది. పుండు మీద నేనిచ్చే చుక్కలు వేశామో, కన్ను చిల్లిపడినా పడుతుంది. అందుకే ముందు చూసుకోవాలి. దీనికి పుండు లేదు."

ఆమె మాట పూర్తయ్యేలోగా ఇజెం ముక్కులోంచి ఆకుపచ్చగా కారడం మొదలైంది.

"డాక్టరమ్మా! మెదడు కారిపోతోంది!" అని అరిచాను.

"కుక్కది కదా, నీకెందుకు భయం? నీకు కారేంత లేదులే" అంది తూదా.

"కంటి నుంచి ముక్కుకు దారుంటుంది పెద్దాయనా. దారి బాగానే ఉందన్నమాట" అని డాక్టరమ్మ నవ్వాపుకుని అసలు సంగతి చెప్పింది. "ఒంటిని కాయాల్సిన శక్తే పొరపాటున సొంత కంటి మీద దాడి చేస్తోంది. ఎత్తు మీద ఎండ దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. వదిలేస్తే పొర నల్లబడి చూపు పోతుంది. పూర్తిగా నయమయ్యేది కాదు, అదుపులో పెట్టేది. ఈ చుక్కలు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెయ్యాలి. కన్ను తేటపడ్డాక తగ్గిద్దాం గానీ, బతికున్నన్నాళ్లూ మానొద్దు. నీడలో ఉంచండి. ఈ ఎండాకాలం కొండెక్కించొద్దు."

"ఆ చివరి మాట ఇంకోసారి చెప్పండి డాక్టరమ్మా. మా ఆవిడకు చెముడు."

"చెముడే ఉంటే ఇన్నేళ్లూ సుఖపడి ఉండేదాన్ని" అంది తూదా.

డాక్టరమ్మ నా మొహంలోకి వంగి చూసింది. "మీ కంటి మూలలో కూడా కండ పెరుగుతోందే. అదీ ఎండ వల్లే. ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి."

నా గుండె గంతేసింది. నోరు తెరిచేలోపే తూదా అందుకుంది. "ఈయనకు టోపీ పెట్టొచ్చు కదమ్మా? కుక్కయితే టోపీ ఉంచుకోదు."

"వెడల్పు అంచుదైతే మంచిది" అంది ఆ డాక్టరమ్మ. చదువుకున్నవాళ్లు ఎప్పుడూ అటువైపే.

అయినా నాకు దిగులు లేదు. దారి పొడవునా లెక్క కట్టుకున్నాను. కుక్క ఎక్కకూడదు. పూటపూటా చుక్కలు వెయ్యాలి. వేసేవాడు ఇంట్లో ఉండాలి. ఆ వేసేవాణ్ని నేను.

"నేను వేస్తాలే" అంది తూదా, నేనేమీ అనకముందే.

అంటే, నేను తప్ప ఇంకెవరు వేసినా ఇజెం ఒప్పుకోకూడదు. ఇదీ నా పథకం.

మొదట్లో అది నన్నే ఒప్పుకోలేదు. మొదటి చుక్క గోడకు పడింది. రెండోది నా చెవిలో. మూడోది కోడిపుంజు కంట్లో పడిందని నా అనుమానం. ఆనాటి నుంచి అది నన్ను చాలా స్పష్టంగా చూసి పొడుస్తోంది.

ఇలా లాభం లేదని, పండగ తర్వాత తూదా జాడీలో దాచిన ఎండు మాంసం మీద కన్నేశాను. ఒక చుక్క, ఒక ముక్క. సీసా చూపిస్తే ముక్క. కూర్చుంటే ముక్క. మొహం ఎత్తితే ముక్క. కొద్ది రోజుల్లోనే ఇజెం సీసా కనబడగానే వచ్చి కూర్చుని, గడ్డం పైకెత్తి, రెప్ప వాల్చకుండా ఆకాశం చూసేది. మా ఇంట్లో నా మాట విన్న మొదటి ప్రాణి అదే.

"జాడీలో ఎలుక పడ్డట్టుంది. ఈ ఏడు చాలా పెద్దదే" అంది తూదా ఒకరోజు నా మీసాల వైపు చూస్తూ.

"కాలం మారిపోయిందే, ఎలుకలు కూడా..." అని నసిగాను.

సగం పని అయింది. మిగతా సగం, ఇజెం తూదాను చూస్తే పారిపోవాలి. దానికో ఉపాయం తట్టింది. తూదా నీళ్లకు వెళ్లినప్పుడు ఆమె చారల శాలువా కప్పుకుని, ఒక చేత్తో సీసా, ఇత్తడి పళ్లెం కలిపి పట్టుకుని, ఇంకో చేతి గరిటెతో ధనధన మోగిస్తూ ఇజెం మీదికి ఉరికాను.

శాలువాలో తూదా వాసన. తూదా వాసనంటే దానికి అన్నం వాసన. భయపడలేదు సరికదా, రెండు కాళ్లూ నా భుజాల మీద వేసి మొహమంతా నాకింది. నేను వెల్లకిలా పడ్డాను. పళ్లెం దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, ఎవరి చెప్పులకో తగిలి ఆగింది. తలెత్తితే హద్దూ.

చెల్లెలి శాలువాలో, కుక్క కింద, గరిటెతో ఉన్న నన్ను చాలాసేపు చూశాడు.

"బావా, ఒంట్లో కులాసాయేనా?"

"అలసటగా ఉంది" అన్నాను. అది నిజం.

పచ్చిక తెరిచే ముందురోజు సాయంత్రం, ఎవరెవరు ఎక్కుతున్నారో తేల్చడానికి హద్దూ, ఊరి పెద్ద ఉలీద్ తాత మా ఇంటికి టీకి వచ్చారు. నేను మూడో గ్లాసు దాకా ఓపిక పట్టి, గొంతు సవరించుకున్నాను.

"పెద్దలారా, నా మనసంతా కొండ మీదే ఉంది. ఏం చెయ్యను? ఇజెం చూపు నా చేతిలో ఉంది. చుక్క ఆగితే కన్ను పోతుంది. అది నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. మొన్న పాపం తూదా సీసా పట్టుకెళ్తే..."

"పట్టుకెళ్తే?" అంది తూదా, సీసాతో వాకిట్లోకొస్తూ.

ఇజెం లేచింది. వచ్చి ఆమె ముందు కూర్చుంది. గడ్డం ఎత్తింది. కళ్లు విప్పి ఆకాశం చూసింది. ఈ కంట్లో చుక్క, ఆ కంట్లో చుక్క. తూదా చేతి మడతలోంచి ఎండు మాంసం ముక్క తీసి దాని నోట్లో పెట్టింది.

"పెద్ద ఎలుక నేర్పిన చదువు అన్నా. పక్షం రోజులుగా మధ్యాహ్నం నువ్వు నిద్రపోయేటప్పుడు నేనే వేస్తున్నా" అంది, మొదటి మాట హద్దూతో, రెండోది నాతో.

హద్దూ సీసా మూత ఒక్కటి చేతిలో పట్టుకున్నాడు. ఇజెం వెళ్లి అతని ముందు కూర్చుంది. చేతులు వణికే ఉలీద్ తాత టీ గ్లాసు ఎత్తాడు. ఇజెం ఆయన ముందూ కూర్చుంది. ఊరంతా వరసకట్టినా మొహం ఎత్తేట్టుంది.

తాత దాని కళ్లలోకి వంగి చూశాడు. "పొర వెనక్కి పోతోందిరా జాయిద్. మంచి పని చేశావు."

ఇన్నేళ్లలో ఊరి పెద్ద నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే.

"మరి కుక్క లేకుండా మందను ఎలా కాయను?" అన్నాను చివరి ఆశతో.

"నాకు రెండున్నాయి. నా పక్కనే మేపుకో బావా. మొరగడంలో కాస్త సాయపడుదువు గాని" అన్నాడు హద్దూ.

"అది ఆయనకు నేర్పక్కర్లేదు" అంది తూదా.

వాళ్లు వెళ్లాక మూట కడుతుంటే అడిగాను. "నిజం చెప్పవే. నేనింట్లో ఉంటే నీకేం కష్టం?"

ఆమె నా కొత్త టోపీకి తాడు కుడుతోంది. తలెత్తలేదు. "నీకు కొండ మీద ఎండాకాలం ఎలాగో, నాకు నువ్వింట్లో ఉండే చలికాలం అలాగ. నేనూ అలసిపోయానయ్యా. ఏడాదికి ఒక్క సెలవు నాది. అదీ కాజేద్దామనుకున్నావు, మాంసంతో సహా."

టోపీ పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆ ఎండాకాలం నేను మొరిగిన మొరుగుడు ఇంకా లోయలో తిరుగుతోందని అంటారు. నక్కలు నన్ను చూడ్డానికి కుటుంబాలతో వచ్చేవి. హద్దూ కుక్కలు మొదట ఆశ్చర్యపోయి, తర్వాత కుడివైపు కాపలా పూర్తిగా నాకు వదిలేసి పడుకునేవి. కింద అక్రోటు నీడలో మాత్రం ఇజెం పూటకో ముక్క తింటూ దూడలా బలిసింది.

దిగి వచ్చేసరికి నా కళ్లు ఎర్రగా మండుతున్నాయి. టోపీ గాలికి పోయిన సంగతి తూదాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మర్నాడే ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్లింది. అక్కడ నాకూ ఒక సీసా ఇచ్చారు.

సాయంత్రం నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి సీసా తీసింది. నేను గడ్డం పైకెత్తాను. రెప్ప వాల్చకుండా ఆకాశం చూశాను. ఈ కంట్లో చుక్క, ఆ కంట్లో చుక్క. చల్లగా హాయిగా ఉంది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

తూదా చేతి మడతలోంచి ఎండు మాంసం ముక్క తీసింది. నన్ను చూసింది. పక్కనే వరసలో కూర్చున్న ఇజెంను చూసింది.

ముక్క ఇజెంకు వేసింది.