మోకాళ్లకూ లిఫ్టుకూ ఉన్న సంబంధం

ఆ ఉదయం కోడలు పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టాలి, మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన అత్తగారు తిరిగొచ్చేలోగా వంట ముగించాలి, మధ్యలో ఆడపడుచుకు చదువులో సాయం చేయాలి.

సాయమంటే వినడమే. ఆడపడుచు పై చదువుల ప్రవేశ పరీక్ష రాయబోతోంది. అందులో క్రిటికల్ రీజనింగ్ అని ఒక భాగం. ఎవరో ఒక వాదన చేస్తారు, అది నిలుస్తుందో కూలుతుందో తేల్చాలి. ఆ వాదనను ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఎదుటి మనిషికి చెప్పగలిగితేనే తనకు అర్థమైనట్టు అని ఆ అమ్మాయి లెక్క. రోజూ వినే స్నేహితురాలు ఊరెళ్లడంతో ఇవాళ ఆ పని వదినకు దక్కింది.

వదిన తన చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. దిండంత లావున్న ఆ పరీక్ష పుస్తకాన్ని చూస్తేనే ఆమెకు భయం. ఆమె చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. అప్పటిదాకా చదివిన పుస్తకాల్లో అచ్చయినదల్లా నిజమే. కావాలని తప్పు రాసిపెట్టే పుస్తకాల దాకా ఆమె వెళ్లనేలేదు.

"విను వదినా. ఒక నగరంలో లెక్కతీస్తే, మెట్లెక్కేవాళ్లలో కంటే లిఫ్టెక్కేవాళ్లలో మోకాళ్ల నొప్పులు బాగా ఎక్కువని తేలింది. కాబట్టి లిఫ్టు మోకాళ్లను పాడుచేస్తుంది."

ఇంతలో ఫోను మోగింది. "ఉండు, అసలు సంగతి ఇంకా ఉంది," అంటూ ఆడపడుచు బాల్కనీలోకి వెళ్లింది.

అసలు సంగతి కోసం వదిన ఆగలేదు. పిల్లకు ఏడాది దాటి నెలలవుతోంది. దాని ఈడు పిల్లలంతా ఇల్లు పీకి పందిరేస్తుంటే ఇది ఇంకా పట్టుకున్న గోడ వదలదు. "వస్తుందమ్మా, కంగారుపడకు," అన్నారు డాక్టరు. కంగారు ఒకరు చెబితే వినే రకమా? ఉండేది ఐదో అంతస్తులో. పురిటి బిడ్డగా వచ్చిన నాటినుంచీ పిల్ల దిగినా ఎక్కినా ఆ లిఫ్టులోనే. ఇక అత్తగారి మోకాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్నాళ్లూ కళ్లెదుట ఉన్నది ఎవరికీ కనపడలేదు, పుస్తకం రెండు ముక్కల్లో చెప్పేసింది! అత్తగారు లిఫ్టెక్కేలోపే ఆపాలని పిల్లను చంకనేసుకుని మెట్లు దిగసాగింది.

మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ గుమ్మంలో ఉంది. "ఏమ్మా, లిఫ్టు చెడిపోయిందా?"

"లిఫ్టు కాదక్కా, మన మోకాళ్లు చెడిపోతున్నాయి! పెద్ద పరీక్ష పుస్తకంలో ఉంది."

"అదా సంగతి! అనవసరంగా ఇన్నాళ్లూ నా మిషన్‌ని తిట్టుకున్నాను," అంటూ ఆవిడా వెనకే దిగింది.

కింది అంతస్తులో భవన సంఘం ప్రెసిడెంటు ఉంటాడు. ఆయనకు బోర్డులు రాయడం ప్రాణం. ఈ కబురు ఆయన చెవిన పడేసరికి పరీక్ష పుస్తకం పరిశోధన అయింది, ఒక నగరం లోకమంతా అయింది. ఆయన వెంటనే లిఫ్టు మీట ఆపి, "మీ మోకాళ్ల మేలు కోరి లిఫ్టు నిలిపివేయడమైనది" అని బోర్డు వేలాడదీశాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు కుంటుకుంటూ వచ్చారు.

"మెట్లు అసలెక్కొద్దని ఇప్పుడే డాక్టరు మొత్తుకుని పంపాడు. ఐదంతస్తులు నన్నెవరు మోస్తారు? మీరు మోస్తారా ప్రెసిడెంటుగారూ?"

ఆయన తన నడుము ఒకసారి తడుముకున్నాడు. అత్తగారు అక్కడే కుర్చీలో కూలబడ్డారు. కోడలు కిందికి దించగానే పిల్ల ఆ కుర్చీ కాలు పట్టుకుని నిలబడింది. వదినను వెతుక్కుంటూ పుస్తకంతో సహా దిగివచ్చిన ఆడపడుచు బోర్డు చూసి తల పట్టుకుంది.

"వదినా! అది నిజమని పుస్తకం అనలేదు. అందులో లొసుగు పట్టుకోమంది!"

"తప్పని తెలిసీ అచ్చేస్తారా?"

"మనం పట్టగలమో లేదో చూడ్డానికే."

కోడలు ఆ పుస్తకం వంక వింతగా చూసింది. ఎవరో పనిగట్టుకుని ఇంత నున్నగా ఒక అబద్ధం కట్టి, దానిలో ఒకే ఒక్క కన్నం దాచి, వెతుక్కోమని జనానికి ఇచ్చారా!

"ఏదీ ఆ లొసుగు?" అన్నాడు ప్రెసిడెంటు, బోర్డును చెయ్యి అడ్డం పెట్టి కాచుకుంటూ.

ఆడపడుచు పేజీ తిప్పుతోంది. కోడలు మాత్రం అత్తగారినే చూస్తోంది. "అత్తయ్యా, మీకు నొప్పి ముందా, లిఫ్టు ముందా?"

"నొప్పే. మెట్లెక్కలేకే కదే, లిఫ్టున్న ఇంటికి మారాం!"

"అయితే... నొప్పులున్నవాళ్లే లిఫ్టెక్కుతున్నారు. ఎక్కినందుకు రావడం లేదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అదే వదినా! అదే జవాబు!"

గుండె మీద కూర్చున్న కొండ ఒక్క మాటకు పిండై రాలిపోయింది. కోడలు ఆ పుస్తకం అట్టను వేలి కొసతో ముట్టుకుని చూసింది.

ప్రెసిడెంటు గొణుక్కుంటూ మీట వేశాడు. తలుపులు పక్కకు జరిగాయి, లోపల దీపం వెలిగింది. పిల్ల ఆ వెలుగును చూసింది. కుర్చీ కాలు వదిలేసింది. ఊగుతూ, తూలుతూ, ఎవరి చెయ్యీ అడక్కుండా లిఫ్టులోకి నడిచి వెళ్లింది. వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వింది. కోడలి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

ముందుగా తేరుకున్నది కుట్టుపని ఆవిడే. "చూశారా! లిఫ్టు వల్లే నడక వచ్చింది!"

"అంటే పిల్లలకు లిఫ్టు మంచిదన్నమాట," అంటూ ప్రెసిడెంటు బోర్డు రెండో వైపు తిప్పి కలం తీశాడు.

ఆ మాటలో లొసుగు ఎక్కడుందో కోడలికి ఇప్పుడు బాగా తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని సాయంత్రం పిల్లను ఇంకో రెండుసార్లు లిఫ్టెక్కించింది.